కోటి డిగ్రీల గదిలో శాలువా

ఆయన అసలు పేరు జీతాలిచ్చే గుమాస్తాకి తప్ప మ్యూజియంలో ఎవరికీ గుర్తులేదు. అందరూ 'ఇంకాస్త' అనే పిలిచేవారు. ఎదురుపడితే చివర 'గారు' తగిలించేవారు, అంతే తేడా. రాక్షసబల్లి అస్థిపంజరం ఎంత పొడుగని ఎవరైనా అడిగితే ఆయన పక్కనున్న బోర్డు మీద కొలత పైకి చదివి, ఆ తరవాత గొంతు తగ్గించి, "ఇంకాస్త ఉంటుందండీ. తోక చివర గోడలోకి వెళ్లిపోయింది. పైవాళ్లకి చెప్పకండి" అనేవాడు. వినేవాళ్లు బోర్డు మర్చిపోయేవారు. గోడ మాత్రం తడిమి చూసి వెళ్లేవారు.

ఈ గుణం తండ్రి నుంచి వచ్చింది. తండ్రి దర్జీ. ఎదిగే పిల్లల బట్టలు కుట్టేటప్పుడు అంచు లోపల రెండు మూడు మడతలు దాచేవాడు. పిల్లవాడు ఒళ్లు చేసినప్పుడల్లా ఒక మడత విప్పితే చాలు, చొక్కా మళ్లీ సరిపోయేది. "బిగుతుగా కుడితే ఏడాది తిరక్కుండా చిరిగిపోతుందిరా. ఇంకాస్త వదులుండాలి" అనేది ఆయన సిద్ధాంతం. కొడుక్కి సూదీ దారం అబ్బలేదు గానీ సిద్ధాంతం అబ్బింది. దాన్ని మాటలకి వాడుకున్నాడు. వినేది పిల్లలు, రేపు పెరుగుతారు, మాట బిగుతైపోతే ఎలా?

కాన్వెంటులో చదివే రోజుల్లో ఒకసారి ఆలస్యంగా వెళ్లి, దారిలో సర్కసు ఏనుగు అడ్డంగా పడుకుందని చెప్పాడు. సిస్టర్ గారు నవ్వలేదు. 'నేను అబద్ధం చెప్పను' అని వందసార్లు రాసుకుని రమ్మన్నారు. నూటపది సార్లు రాసి తీసుకెళ్లాడు. ఆ పదీ ఎందుకని ఆవిడ అడిగితే, "రేపటికి, సిస్టర్" అన్నాడు.

పెద్దయ్యాక మ్యూజియంలో దుమ్ము దులిపే పనికి కుదిరాడు. ఓ రోజు గైడుకి జ్వరం వచ్చింది, గుమ్మంలో బడిపిల్లల బస్సు ఆగి ఉంది. అప్పటి డైరెక్టరు గారు దిక్కుతోచక ఆయన చేతిలోని దుమ్ముగుడ్డ లాక్కుని గైడు కర్ర పెట్టారు. ఆ రోజు పిల్లలు మళ్లీ బస్సెక్కం అని మారాం చేశారట. ఇక ఆ కర్ర ఆయన చేతిలోనే ఉండిపోయింది.

ఆ కర్ర గురించి చెప్పాలి. నల్లగా నున్నగా మనిషి భుజమంత పొడుగుంటుంది, చివర ఇత్తడి పొన్ను. ఆ మ్యూజియంలో అదొక పద్ధతి: కర్రని డైరెక్టరే స్వయంగా చేతికిస్తారు, మళ్లీ డైరెక్టరే తీసుకుంటారు, మధ్యలో ఇంకెవరూ ముట్టుకోరు. సాయంత్రం గైడు దాన్ని ఇంటికి తీసుకెళ్లాలి. కర్ర పోయిన గైడు సంచుల కౌంటరులో కూర్చుంటాడు. అది మెట్ల కింద గూడు. చూడటానికి వచ్చినవాళ్ల సంచులు, గొడుగులు పుచ్చుకుని బిళ్లలిస్తూ ఉండటమే అక్కడి పని. సంచులకి కథలు చెప్పినా వినవు.

కొత్త డైరెక్టరమ్మ వచ్చిన ఏడాదే అసలు చిక్కు వచ్చిపడింది. ఒక బడిలో పరీక్ష పెట్టారు. రాక్షసబల్లులు ఎలా అంతరించాయి అన్న ప్రశ్నకి తరగతి తరగతంతా 'తుమ్ముల వల్ల' అని రాసింది. టీచరు గారు ఆ జవాబు కాగితాలు చంకన పెట్టుకుని వచ్చి డైరెక్టరమ్మ బల్ల మీద పరిచారు.

డైరెక్టరమ్మ ఆయన్ని పిలిపించింది.

"ఇంకాస్త గారూ, రాక్షసబల్లులు ఎలా పోయాయి?"

"ఆకాశం నుంచి పెద్ద రాయి పడి, మేడమ్."

"మరి వీళ్లంతా తుమ్ములంటారేంటి?"

"రాయి పడితే దుమ్ము లేస్తుంది కదా మేడమ్. అంత దుమ్ము లేచాక అంతంత ముక్కులు ఊరుకుంటాయా..."

"ఆపండి." ఆవిడ పెదవులు బిగబట్టుకుంది, కోపానికో నవ్వుకో తెలియలేదు. "నాకు మీరంటే గౌరవం. కానీ ఇది మ్యూజియం, చావడి కాదు. ఇంకొక్క ఫిర్యాదు. మీరు అబద్ధం చెప్పారని ఒక్క మనిషి ఈ తలుపు తట్టినా సరే, ఆ కర్ర నా బల్ల మీద పెట్టి సంచుల కౌంటరుకి వెళ్తారు. రిటైరయ్యేదాకా అక్కడే."

ఆయన కర్రని కాస్త వెనక్కి జరుపుకున్నాడు, బల్లకి దూరంగా.

"ఇంకో మాట" అంది ఆవిడ. "కొత్త గది తెరుస్తున్నాం. దాని గైడు మీరే. నిజం తప్ప ఇంకేమీ వద్దు."

* * *

కొత్త గది ఒకప్పుడు విరిగిన బొమ్మలు పడేసే కొట్టు. ఇప్పుడు దాన్నిండా పైకప్పు తాకేలా ప్లాస్టరుతో ఒక పెద్ద బోర్లించిన గిన్నె కట్టారు. అందులోకి నడిచి వెళ్లచ్చు. గోడ ఎగుడుదిగుడుగా, ఎర్రగా, అక్కడక్కడ పొగమంచులా రంగులు పులిమి ఉంటుంది. నడిమధ్యన నీలం దీపాల గుత్తి ఒకటి వేలాడుతుంది. ఇదంతా చేయించింది నక్షత్రాలు చదువుకుని వచ్చిన ఒక అమ్మాయి. జీన్స్ మోకాళ్ల మీద ప్లాస్టరు మరకలతో తిరిగేది. అందరూ నక్షత్రాలమ్మాయి అనేవారు. ఆమె మాత్రం ఇంకాస్త గారిని 'బాబాయ్' అనేది.

"ఈ నీలం దీపాలు పసి నక్షత్రాలు, బాబాయ్" అని మొదలుపెట్టింది. "ఒకే కాన్పులో పుట్టినట్టు గుంపుగా పుడతాయి. వీటిలో లావుపాటివి కొన్ని ఉంటాయి. అవి కుదురుగా ఉండవు. ఒంట్లోంచి గాలి ఊదుతూనే ఉంటాయి."

"పసిపిల్లలు కదా. ఎంత వేగంగా ఊదుతాయేమిటి?"

"సెకనుకి రెండు వేల కిలోమీటర్లు. కొన్ని ఇంకా ఎక్కువ."

ఇంకాస్త గారు కర్ర గోడకి ఆనించి ఆ అమ్మాయి మొహంలోకి చూశాడు. ఆయన జీవితంలో 'ఇంకా ఎక్కువ' అనేది ఆయన అనే మాటే గానీ వినే మాట కాదు.

"ఆ గాలులు ఒకదాన్నొకటి గుద్దుకుని కాగిపోతాయి. లక్షల డిగ్రీలు. ఒక్కోచోట కోటి దాకా. ఆ వేడి గ్యాసు ఉబ్బి, చుట్టూ ఉన్న చల్లటి గ్యాసుని చీపురుతో ఊడ్చినట్టు తోసుకుంటూ పోతుంది. తోసిందంతా గోడలా పేరుకుంటుంది. అదే ఈ బుడగ. పెద్ద బుడగ ఈ గోడ నుంచి ఆ గోడకి వెళ్లడానికి వెలుగుకే వందల ఏళ్లు పడుతుంది."

"సరే. ఆ కోటి డిగ్రీల్లో మనం చెయ్యి పెడితే?"

"చలేస్తుంది."

బయట ఎవరో బల్ల ఈడుస్తున్న చప్పుడు వినిపించింది. ఇంకాస్త గారు ఆ చప్పుడు ఆగేదాకా ఆగాడు.

"అమ్మాయ్, నేను నీకేం అపకారం చేశాను?"

"నిజం బాబాయ్! ఆ గ్యాసు అంత పలచన. అందులో గ్లాసు ముంచితే చేతివేళ్ల మీద లెక్కపెట్టేన్ని రేణువులు పడతాయి. ఒక్కో రేణువూ మహా వేడి, నిజమే. కానీ అవి వచ్చి మనల్ని తాకేదెప్పుడు, మనం కాలేదెప్పుడు? అందుకే ఈ గదిలో హీటరు వద్దన్నాను. డైరెక్టరమ్మ గారు పెడదామన్నారు. నేను ఏసీ పెట్టించాను, మంచు కురిసేంత."

"చూడమ్మా" అన్నాడు ఆయన, గాయపడ్డ గొంతుతో. "నేనూ నాలుగు మాటలు కల్పించినవాణ్నే. దానికో మర్యాదుంది. అబద్ధమైనా అతికినట్టుండాలన్నారు పెద్దలు. నువ్వు చెప్పేది ఎక్కడ పట్టుకున్నా ఊడొస్తోంది."

ఆమె పకపకా నవ్వింది. "ఇంకోటి కూడా ఉంది, వినండి. లెక్క ప్రకారం లోపల ఉండాల్సినంత వేడి చాలా బుడగల్లో కనబడటం లేదు. మాయమైపోయింది."

"ఎక్కడికి?"

"గోడకి పలచటి చోట్లుంటాయి, చిల్లులు పడతాయి, అందులోంచి కారిపోతుందని కొందరంటారు. గోడ దగ్గర చల్లటి గ్యాసుతో కలిసిపోయి చల్లారిపోతుందని ఇంకొందరు. రెండూ కావచ్చు. ఏది ఎంతన్నది తేలలేదు."

"పిల్లలడిగితే ఏం చెప్పను?"

"తెలియదని చెప్పండి."

ఇంకాస్త గారి నోట్లోంచి ఆ మాట ఎన్నడూ వచ్చి ఎరగదు. రైల్వే స్టేషనుకి దారి తెలియకపోయినా చెయ్యి చూపించేవాడే. "మరీ అంత బోడిగానా? కారిపోయిన వేడంతా పక్క బుడగలోకి పోయి, అక్కడి పిల్ల నక్షత్రాలకి నీళ్లు కాచి పోస్తోందని..."

"బాబాయ్!"

"లేదులే. ఊరికే అన్నాను."

మర్నాడు ఆమె కొండ మీద దూరదర్శిని దగ్గర పనుందని వెళ్లిపోయింది. అక్కడ ఫోన్లు పనిచేయవట. వెళ్తూ వెళ్తూ గది తలుపు మీద బోర్డు తగిలించి వెళ్లింది: 'కోటి డిగ్రీల గది. లోపలికి వెళ్లేవారు శాలువా తీసుకోవలెను.'

* * *

ఆ శాలువాలు కుట్టింది ఇంకాస్త గారి భార్యే. మామగారి కుట్టుమిషను ఇప్పుడు ఆవిడదే. మ్యూజియం హాల్లోంచి దింపేసిన పాత ఎర్ర తెరలు మోయించుకొచ్చి, కత్తిరించి, అంచులు కుట్టి ఇచ్చింది. సంచుల కౌంటరులో వాటిని దొంతర పెట్టారు.

నిజం చెప్పడం అలవాటు చేసుకోవాలని ఆయన ఇంట్లోనే సాధన మొదలుపెట్టాడు.

"కూర ఎలా ఉంది?" అంది ఆవిడ.

"ఉప్పెక్కువైంది."

ఆవిడ చేతిలో గరిటె ఆగింది. పెళ్లయిన నాటి నుంచి ఆవిడ వండిన ప్రతి కూరకీ ఆయన ఒక్కో కథ చెప్పేవాడు. ఈ వాసనకి పక్కింటి పిల్లి గోడ దూకిందనీ, పోస్టుమేన్ ఉత్తరం లేకుండానే వచ్చి గుమ్మంలో నిలబడ్డాడనీ.

"ఒంట్లో బాగుందా?"

"బాగానే ఉంది. నిజం చెబుతున్నానంతే. ఇంకొక్క ఫిర్యాదు వస్తే కర్ర పోతుంది."

ఆవిడ మిషను ముందు కూర్చుని సూదిలో దారం ఎక్కించుకుంటూ, "ఏదీ, ఆ కొత్త గది సంగతేదో నాకు చెప్పండి, చూద్దాం" అంది.

ఆయన చెప్పాడు. ఒక్క ముక్క కలపకుండా, తీసేయకుండా చెప్పాడు. కోటి డిగ్రీలు, చలి, వందల ఏళ్ల వెడల్పు, మాయమైన వేడి. ఆవిడ విని పళ్లతో దారం కొరికింది.

"ఏవండీ, ఒక మాట చెప్పనా? మీరు అబద్ధం చెప్పేటప్పుడు మొహం దీపంలా ఉంటుంది. ఎవరైనా నమ్ముతారు. నిజం చెప్పేటప్పుడు మాత్రం దొంగ చూపులు చూస్తారు. కళ్లు టపటపలాడిస్తారు. నేనే నమ్మలేదు."

"మరేం చెయ్యను?"

"ఏం చేస్తారు, కళ్లు మూసుకుని చెప్పండి."

* * *

గది తెరిచాక నాలుగు రోజులు బాగానే గడిచాయి. పిల్లలు ఏం చెప్పినా నోరు తెరుచుకుని విన్నారు. పిల్లలకి నిజమూ అబద్ధమూ ఒకే కొలత. అయిదో రోజున పెద్దవాళ్ల గుంపు వచ్చింది. అందులో ఒక బాయిలర్ ఇన్‌స్పెక్టరు, ఆయన అక్క ఉన్నారు. ఫ్యాక్టరీల్లో ఆవిరి బాయిలర్లు భద్రంగా ఉన్నాయో లేదో చూసే ఉద్యోగం ఆయనది. సన్నగా, ఇస్త్రీ మడత చెదరకుండా ఉన్నాడు. సెలవు రోజైనా చొక్కా జేబులో చిన్న సుత్తి పెట్టుకుని తిరుగుతాడు. బాయిలరు గోడని దాంతో తట్టి, మోతని బట్టి ఎక్కడ పలచబడిందో చెబుతాడు. జేబులో సుత్తి లేకపోతే ఆయనకి చొక్కా వేసుకోనట్టే ఉంటుంది.

బోర్డు చదివి, చొక్కా పైబొత్తాం విప్పుకుని, "శాలువా ఎందుకూ, కోటి డిగ్రీలంటుంటే?" అని వద్దనేసి లోపలికొచ్చాడు. అక్క మాత్రం రెండు తీసుకుంది.

ఇంకాస్త గారు కర్ర ఎత్తి, కళ్లు మూసుకుని, చెప్పడం మొదలుపెట్టాడు. నక్షత్రాల గాలుల దాకా ఎవరూ ఏమీ అనలేదు. కోటి డిగ్రీల దగ్గర ఇన్‌స్పెక్టరు గారు తుమ్మాడు.

"ఏమండీ" అన్నాడు ముక్కు తుడుచుకుంటూ. "నా ఉద్యోగమే వేడి. మూడు నాలుగు వందల డిగ్రీల ఆవిరికే ఉక్కు పైపులు పేలిపోతాయి. కోటి డిగ్రీల దగ్గర నాకు పళ్లు టకటకలాడుతున్నాయేంటి?"

"పలచనండీ. వేడి ఉంది గానీ కాల్చడానికి సరుకు లేదు."

"సరుకు లేని వేడా! అక్కా, విన్నావా?"

"విన్నాన్లేరా, ముందు ఇది కప్పుకో" అంది అక్క, రెండో శాలువా తమ్ముడి భుజాల మీద వేస్తూ.

"నాకేం వద్దు. అయ్యా, మీరు కళ్లు మూసుకుని చెబుతున్నారు. కళ్లు తెరిచి చెప్పండి చూద్దాం."

ఇంకాస్త గారు కళ్లు తెరిచాడు. తెరవగానే అవి టపటపలాడాయి. ఒక మూలకీ, పైకప్పుకీ, తన చెప్పులకీ చూపు పరిగెత్తింది. గుంపులో ఎవరో కిసుక్కున నవ్వారు. ఆయన కంగారుపడి, ఆ అమ్మాయి చెప్పినవాటిలో చివరికి దాచుకున్నది తొందరగా చెప్పేశాడు.

"మనం కూడా అలాంటి బుడగలోనే ఉన్నామండీ. ఎప్పుడో పాత నక్షత్రాలు పేలినప్పుడు ఏర్పడింది. మన సూర్యుడూ, మనమూ, ఈ మ్యూజియమూ అన్నీ దాని లోపలే. మన చుట్టూ బయట ఉన్న గ్యాసు దాదాపు పది లక్షల డిగ్రీలు."

 ఇన్‌స్పెక్టరు గారు ఇంకోసారి తుమ్మి, ఎర్రబడ్డ ముక్కుతో, "చెవిలో పువ్వు పెట్టడానికి కూడా ఒక హద్దుండాలయ్యా!" అని తలుపు తోసుకుని వెళ్లిపోయాడు. ఆయన బూట్ల చప్పుడు మెట్లెక్కి డైరెక్టరమ్మ గది వైపు పోయింది.

* * *

ఇంకాస్త గారు వెళ్లేసరికి ఇన్‌స్పెక్టరు గారు ఎదురు కుర్చీలో ఉన్నాడు, డైరెక్టరమ్మ ఫోను పట్టుకుని ఉంది. నక్షత్రాలమ్మాయికి కలవడం లేదు. కొండ మీద ఫోను పనిచేయదు.

"ఇంకాస్త గారూ" అంది ఆవిడ ఫోను పెట్టేసి. "మన చుట్టూ పది లక్షల డిగ్రీలన్నారా?"

"అన్నాను మేడమ్. నిజం మేడమ్." కళ్లు టపటపలాడాయి.

ఆవిడ నిట్టూర్చింది. "నిజం తప్ప వద్దన్నాను. ఒక్క ఫిర్యాదన్నాను. కర్ర ఇక్కడ పెట్టండి."

దుమ్ముగుడ్డ లాక్కుని కర్ర పెట్టిన ఆ పాత రోజు గుర్తొచ్చింది ఆయనకి. వందల అబద్ధాలు చెప్పినప్పుడు పోని కర్ర నిజం చెబితే పోతోంది. నవ్వొచ్చింది గానీ నవ్వలేదు. కర్రని బల్ల మీద పొడుగ్గా పడుకోబెట్టాడు. పొన్ను బల్ల మీది అద్దానికి తగిలి టంగుమంది.

ఆ మోతకి ఇన్‌స్పెక్టరు గారు చెవి రిక్కించాడు, అలవాటు కొద్దీ. అంతదాకా గెలిచినవాడిలా కూర్చున్న మనిషి ముందుకు వంగాడు.

"ఉండండి మేడమ్. ఈయన ఉద్యోగం పోవాలని కాదు నేనొచ్చింది. అబద్ధమని తేల్చి చెప్పడానికి వచ్చాను. తేలుస్తాను." ఆయన ఇంకాస్త గారి వైపు తిరిగాడు. "బాయిలరుకి నేను అడిగేవే మిమ్మల్ని అడుగుతాను. మంటెక్కడ?"

"నడిమధ్యన. పసి నక్షత్రాలు."

"గోడ?"

"ఊడ్చుకుపోయి పేరుకున్న చల్లటి గ్యాసు."

"వేడి ఉన్నా చెయ్యి కాలదన్నారు. ఇదెక్కడైనా..." అంటూ ఆగి, తన చేతి వెనక వైపు చూసుకున్నాడు. అక్కడ చిన్న చిన్న మచ్చలున్నాయో లేవో అని వెతికినట్టు. "ఫ్యాక్టరీల్లో ఇనుము సాన పడుతుంటే లేచే రవ్వలు" అన్నాడు నెమ్మదిగా. "వెయ్యి డిగ్రీలు ఉంటాయవి. రోజూ నా చేతి మీదే పడతాయి. ఒక్కటీ కాల్చదు. సరే, అది వదిలేయండి. అసలు లెక్క చెప్పండి. నక్షత్రాలు ఇంత వేడి ఇస్తున్నాయి, బుడగలో అంతా ఉందా?"

"లేదండీ."

"ఎంతుంది?"

"చాలా తక్కువ. లెక్కకి ఎక్కడా సరిపోదు."

"మిగతాది ఎక్కడికి పోయింది?"

ఇంకాస్త గారి నాలుక చివరికి ఆ పక్క బుడగ వచ్చి నిలబడింది. పిల్ల నక్షత్రాలు, కాగుతున్న నీళ్లు, తుడుచుకోవడానికి తువ్వాళ్లు కూడా వచ్చాయి. ఎంత చక్కగా అతుకుతుంది! ఒక్క ముక్క చెబితే లెక్క సరిపోతుంది, ఇన్‌స్పెక్టరు చల్లబడతాడు, కర్ర మళ్లీ చేతికొస్తుంది. తన మొహం దీపంలా వెలగడం కూడా ఆయనకి తెలుస్తూనే ఉంది. తండ్రి మిషను మీద గుడ్డ మడత పెడుతూ తలెత్తి చూసినట్టనిపించింది. కానీ ఈ నిజమనే గుడ్డలో దాచడానికి మడత మిగల్లేదు. ఉన్నదంతా ముందే విప్పేసి ఉంది. ఎవరు తొడుక్కున్నా వదులే.

దీపం ఆరిపోయింది. కళ్లు మళ్లీ టపటపలాడాయి.

"తెలియదండీ" అన్నాడు.

డైరెక్టరమ్మ ఉలిక్కిపడింది. ఆ గోడల మధ్య ఆయన నోట ఆ మాట ఎవరూ వినలేదు.

"గోడ పలచబడ్డ చోట కారిపోతుందని కొందరంటారు. గోడ దగ్గరే చల్లారిపోతుందని కొందరు. ఏది ఎంతో ఇంకా తేలలేదట. నాకైతే అసలే తెలియదు."

 ఇన్‌స్పెక్టరు గారు జేబులోంచి సుత్తి తీసి బల్ల మీద, కర్ర పక్కన పెట్టాడు.

"మేడమ్" అన్నాడు. "నా సర్వీసులో ఎన్ని ఫ్యాక్టరీలు చూశానో! 'మా బాయిలరులో లీకే లేదు సార్, లోపలికి పోయిన వేడంతా లెక్కకి సరిపోయింది' అని చెప్పినవాడు ఒక్కడు కూడా నిజం చెప్పలేదు. ఎక్కడో చిల్లి దాచిపెట్టి, పైన రంగేసి ఉంచుతారు. 'సార్, వేడి పోతోంది, ఎక్కడో దొరకడం లేదు, తల పగిలిపోతోంది' అన్నవాడు మాత్రం నిజమైన బాయిలరు నడుపుతున్నవాడు. ఈయన చెప్పింది నిజమైన బాయిలరే. లీకవుతోంది."

"అంటే ఫిర్యాదు..."

"ఫిర్యాదెక్కడుంది మేడమ్? చలేసి వచ్చాను, అంతే." ఆయన సుత్తి జేబులో వేసుకుని లేచాడు. "అయ్యా, గోడ పలచబడ్డ చోట్లన్నారు. మీ బొమ్మలో అవి చూపించారా? పదండి. ఇంకాస్త వివరంగా చెప్పండి."

ఈయన్ని అలా ఎందుకు పిలుస్తారో ఇన్‌స్పెక్టరు గారికి తెలియదు పాపం. తెలియకుండానే అన్నాడు.

డైరెక్టరమ్మ కర్ర రెండు చేతులతో ఎత్తి ఇంకాస్త గారి చేతికిచ్చింది. "తుమ్ముల సంగతి మాత్రం నేను మర్చిపోలేదు" అంది. ఈసారి పెదవులు బిగబట్టుకున్నది నవ్వుకేనని తెలిసిపోయింది.

కింద సంచుల కౌంటరు దగ్గర ఇన్‌స్పెక్టరు గారు శాలువా అడిగి తీసుకున్నాడు. అక్క ఇందాకటి నుంచి రెండూ కప్పుకుని బెంచీ మీద కూర్చుని ఉంది. "వేడి చల్లారిందా?" అంది తమ్ముణ్ని చూసి. "లీకైపోయిందక్కా" అన్నాడు ఆయన.

ఎర్ర తెర భుజాన కప్పుకుని ఆయన ఆ ప్లాస్టరు గోడనంతా తట్టుకుంటూ తిరిగాడు. టక్, టక్, టక్. ఒక చోట మోత మారింది. చెవి ఆనించి, చెయ్యి పెట్టి చూశాడు. సన్నటి పగులు, అందులోంచి ఏసీ చలి బయటి వసారాలోకి కారిపోతోంది.

"ఇదిగో! మీ గదీ లీకే. వేడి కాదు గానీ చలి పోతోంది. ఎప్పటి నుంచి?"

"తెలియదండీ" అన్నాడు ఇంకాస్త గారు. రెండోసారి కాస్త తేలిగ్గా వచ్చింది.

* * *

సాయంత్రం భార్య ఆయన మొహం చూడలేదు. ముందు చేతి వైపు చూసింది. కర్ర ఉంది. మిషను మీది గుడ్డలు పక్కకి జరిపి ఆయన కూర్చోవడానికి చోటు చేసింది. ఆయన కర్రని మిషను పక్కన ఆనించి, జరిగింది జరిగినట్టు చెప్పుకొచ్చాడు. ఫిర్యాదు, బల్ల మీద పెట్టిన కర్ర, బాయిలరు లెక్క, తెలియదన్న మాట. కళ్లు టపటపలాడుతూనే ఉన్నాయి.

ఆవిడ సగం దాకా విని మిషను చక్రం ఆపింది.

"సెలవు రోజున మ్యూజియం చూడటానికి వచ్చిన మనిషి జేబులో సుత్తి పెట్టుకొచ్చాడా?"

"అవునే. చిన్న సుత్తి."

"నమ్మమంటారా?"

ఆయన ఒట్టు పెట్టబోయాడు. చెయ్యి సగం దాకా లేచింది. ఆవిడ మొహం చూసి, చెయ్యి దించి, మిషను మీదకి వంగి, గొంతు తగ్గించాడు. మొహంలో దీపం వెలిగింది.

"సుత్తని ఊరికే అన్నాను. సమ్మెట. భుజాన వేసుకొచ్చాడు. కౌంటరులో పెట్టమంటే ఇద్దరు పట్టి మోశారు."

"అదీ! అలా చెప్పండి మరి" అని ఆవిడ చక్రం తిప్పింది.